సైట్ మార్చే రోజు

పోయిన వారం మనం ఈ ఇంటి గడప దాటి వచ్చేసరికి వంటగదిలో ఒక ఘోరం జరుగుతోంది. ఐదేళ్ళ మార్నీని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కాళ్ళు నానమ్మ ల్యోనీ బిగించి పట్టుకుంది. చేతులు పట్టుకోవలసిన తండ్రి గ్లెన్ "నావల్ల కాదు" అని వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తల్లి బ్రోన్విన్ ఒక చేత్తో పిల్లను అదిమిపట్టి, రెండో చేత్తో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా మీట నొక్కేసింది. టప్పుమని చప్పుడు. అయిపోయింది. మార్నీ ఏడుపు ఆపి, తల్లి మొహంలోకి చూసి, "నువ్వు నన్ను అడగలేదు" అంది. ఆ తరువాత రోజంతా తల్లితో మాట్లాడలేదు.

అది బుధవారం. ఇవాళ ఆదివారం.

మార్నీ నడుముకి రాత్రీ పగలూ ఒక పంపు వేలాడుతూ ఉంటుంది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దాంట్లోంచి సన్నటి గొట్టం పొట్ట మీదికో పిర్ర మీదికో వెళ్ళి, చర్మం కింద గుచ్చిన మెత్తటి నాళంతో కలుస్తుంది. ఇన్సులిన్ ఒంట్లోకి పోయే దారి అదే. ఆ గుచ్చిన చోటునే ఆ ఇంట్లో అందరూ సైట్ అంటారు. మూడు రోజులకోసారి దాన్ని తీసి కొత్త చోట గుచ్చాలి. సాగదీస్తే చోటు ఎర్రబడి, గట్టిపడి, మందు లోపలికి దిగక, షుగరు ఎక్కి కూర్చుంటుంది.

బ్రోన్విన్ ఒక రోజు సాగదీసింది. నిన్న మూడుసార్లు అడిగితే మూడుసార్లూ పిల్ల మంచం కిందికి దూరింది. బుధవారం నాటి మాట గొంతులో ముల్లులా గుచ్చుకుని ఉంది గనుక మళ్ళీ కాళ్ళూ చేతులూ పట్టించడానికి మనసొప్పక, రేపు చూద్దాంలే అనుకుంది. ఆ రేపు షుగరును వెంటబెట్టుకుని మరీ వచ్చింది. పొద్దున లేచేసరికి పదిహేను. ఏమీ తినకుండానే పద్దెనిమిది. మధ్యాహ్నం రెండింటికి ఇరవై రెండు. ఆ దేశపు లెక్కలో పది లోపల ఉండవలసిన అంకె అది. పైగా వేలు గుచ్చి చూస్తే రక్తంలో కీటోన్లు కూడా మొదలయ్యాయి. అవి ముదిరితే వాంతులు, ఆసుపత్రి, చేతికి సెలైను. ఒకసారి పడిన అవస్థే, మళ్ళీ పడే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అసలు బాధ ఏమిటంటే, ఈ పని ఒకప్పుడు ఇంత కష్టంగా ఉండేది కాదు. పంపు పెట్టిన కొత్తలో పెర్త్ ఆసుపత్రి నర్సు తల్లికి గట్టిగా చెప్పింది. "నొప్పి ఉంటే ఉందని చెప్పు. నిద్రపోతున్నప్పుడు చెయ్యకు. మాటల్లో పెట్టి మోసం చెయ్యకు. ఒక్క అబద్ధం చెప్పావా, ప్రతి మూడు రోజులకీ ఆ అబద్ధం దానికి గుర్తొస్తుంది." బ్రోన్విన్ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. గంట ముందు మొద్దుబార్చే క్రీము రాసి ప్లాస్టరు వేయడం, కుడా ఎడమా అని అడగడం, పాతది నూనె గుడ్డతో తడిపి నెమ్మదిగా ఊడదీయడం, ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టడం. నాళాన్ని గుచ్చే డబ్బా మీట మీద కింద మార్నీ వేలు, పైన తల్లి వేలు. నొక్కేది మార్నీయే. ఏడాది పాటు అలా సాగింది. బడిలో టీచరుకి కూడా అదే చెప్పుకుంది, "నా సైట్ నేనే నొక్కుకుంటా" అని.

మూడు వారాల క్రితం ఏమైందో ఏమో, ఒక్కసారిగా అంతా తలకిందులైంది. అప్పటినుంచి ప్రతి మార్పూ ఒక యుద్ధమే.

*

"ఇంకా బతిమాలతావా?" అంది ల్యోనీ, వరండాలో కుర్చీలోంచి లేవకుండా. ఒళ్ళో పదబంధాల పుస్తకం, చెవి మీద పెన్సిలు. కొడుకు ఇంటి వెనకే రెండు గదుల్లో ఉంటుంది. పగలంతా ఈ వరండాలోనే. "మా నాన్న దగ్గర వెయ్యి గొర్రెలు ఉండేవి. పట్టుకున్నామా, కత్తిరించామా, వదిలేశామా. ఒక్కదాన్నీ అడిగిన పాపాన పోలేదు."

"మార్నీ గొర్రె కాదు ల్యోనీ."

"గొర్రె అయితే ఈపాటికి అయిపోయేది."

బ్రోన్విన్ ఒక పళ్ళెం తీసింది. అందులో సామాన్లన్నీ సర్దింది. కొత్త సెట్టు, నూనె గుడ్డ, పంపు లేకుండా ఇన్సులిన్ వేసే పెన్ను సూది, పని అయ్యాక మార్నీ ఊదుకునే సబ్బు బుడగల సీసా. ఆ సీసా మూత తీసి ఇరవై రోజులైంది.

"మార్నీ ఎక్కడుంది?" అని అడిగింది.

"వాళ్ళ నాన్న బండెక్కి తలుపులు వేసుకుంది. తాళంచెవి కూడా దాని దగ్గరే ఉందిట. వాడు ఐస్ ఇస్తానంటున్నాడు, అది వద్దంటోంది." ల్యోనీ పెన్సిలు చెవి మీంచి తీసి ఒక గడి నింపింది. "నాలుగింటికి బయలుదేరాలి వాడు. ఏం చేస్తావో తొందరగా చెయ్యి."

గ్లెన్‌ది ఉత్తరాన ఇనుప గనిలో పని. విమానంలో పోయి రెండు వారాలు అక్కడ, వచ్చి వారం ఇక్కడ. ఆ బసల్టన్ ఊళ్ళో సగం మంది మగవాళ్ళ బతుకు అదే. ఇంట్లో వాళ్ళకి అతను చుట్టానికి ఎక్కువ, మొగుడికి తక్కువ. వచ్చిన వారం చేపలు పడతాడు, మాంసం కాలుస్తాడు, పిల్లను భుజాల మీద తిప్పుతాడు. పంపు కూత పెడితే మాత్రం "బ్రోన్" అని కేకేస్తాడు.

పెరట్లో పెప్పర్‌మింట్ చెట్టు కింద వెనక తొట్టి ఉన్న అతని యూట్ బండి ఆగి ఉంది. వెనక సీటు అద్దం నాలుగు వేళ్ళ సందు దిగి ఉంది. గ్లెన్ ఆ సందులో నోరు పెట్టి, "బంగారం, తలుపు తియ్యి. రెండు ఐసులు ఇస్తా. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ" అంటున్నాడు.

"షుగరు ఇరవై రెండు ఉన్న పిల్లకి ఐసులా?" అంది బ్రోన్విన్.

అతను సిగ్గుపడ్డాడు. సిగ్గుపడినప్పుడల్లా చేసే పనే చేశాడు, పక్కకి తప్పుకున్నాడు. "నువ్వే చూడు. నాకు షెడ్డులో కాస్త పని ఉంది" అని వెళ్ళిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒక షెడ్డు ఉంటుంది అతనికి.

బ్రోన్విన్ పళ్ళెం దింపి బండి పక్కన గడ్డి మీద చతికిలబడింది. లోపల మార్నీ వాళ్ళ నాన్న దుప్పటి కప్పుకుని కూర్చుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళ సీసా సందులోంచి లోపలికి ఇస్తే గటగటా తాగింది.

"మార్నీ, షుగరు చాలా ఎక్కువైంది. ఆ సైట్ ఇంక పనిచెయ్యట్లేదు. ముందు పెన్నుతో మందు వెయ్యాలి. సూదే. నొప్పి ఉంటుంది కొంచెం."

అద్దం సందులోంచి చిన్న చెయ్యి భుజం దాకా బయటికి వచ్చింది. చొక్కా చెయ్యి పైకి లాక్కుని మరీ ఇచ్చింది. బ్రోన్విన్ సూది పెట్టి పది దాకా లెక్కపెట్టింది. చెయ్యి ఇటూ అటూ కదలలేదు.

అప్పుడు తట్టింది బ్రోన్విన్‌కి. మూడు వారాలుగా తన కళ్ళెదుటే ఉన్న సంగతి. ఈ పిల్ల సూదికి భయపడటం లేదు. వేలు గుచ్చితే ఊరుకుంటుంది, పెన్ను సూది వేస్తే ఊరుకుంటుంది. సైట్ మార్చుదాం అన్న మాట వింటేనే పారిపోతుంది. తనేమో క్రీము మార్చింది, ప్లాస్టరు రంగులు మార్చింది, బొమ్మకి కూడా ఒక సైట్ పెట్టింది. పిల్లను మాత్రం అడగలేదు. బుధవారం అది అన్నది కూడా అదే కదా.

"నొప్పికి కాదు కదూ?" అంది.

"నొప్పి కాదు."

"మరి ఎందుకే?"

"చెప్పకూడదు."

"ఎవరన్నారు?"

మార్నీ దుప్పటి నోటి దాకా లాక్కుంది. "అది చెప్పినా మాట తప్పినట్టే."

మాట తప్పకూడదని నేర్పింది తనే. ఇప్పుడు తిట్టడానికి నోరు ఎలా వస్తుంది? బ్రోన్విన్ కాసేపు గడ్డి పీకుతూ కూర్చుంది. లోపల పిల్ల ఆలోచిస్తున్నట్టుంది. చాలాసేపటికి సందు దగ్గరికి జరిగింది.

"అమ్మా, నేను ఒకటి అడగచ్చా? చెప్పడం కాదు. అడగడమే."

"అడుగు."

"నా సైట్ మార్చకపోతే నాన్న సైట్ మారదు కదా?"

బ్రోన్విన్‌కి మొదట అర్థం కాలేదు. "నాన్నకి సైట్ ఏంటి? నాన్నకి పంపు లేదుగా."

"ఆ సైట్ కాదు. నాన్న వెళ్ళే సైట్." ఇంత తెలియనిదానివేంటి అన్నట్టు చూసింది మార్నీ. "పోయినసారి నువ్వు నా సైట్ మార్చావు కదా, మర్నాడే నాన్న సైట్‌కి వెళ్ళిపోయాడు. అంతకు ముందు కూడా అంతే. ఈసారి నాన్నకి సైట్ మారుస్తారంట. చాలా దూరం. అక్కడికి వెళ్తే రెండు వారాలకోసారి రాడు. పుట్టినరోజుకి వస్తాడంట. అందుకని నేను మార్పించుకోవట్లేదు. దురద పెడుతోంది కానీ ఆపుకుంటున్నా."

ఒకటే మాట. ఆ ఇంట్లో గనీ సైటే, పొట్ట మీద గుచ్చిన చోటూ సైటే. పెద్దవాళ్ళ నోళ్ళలో ఆ రెండూ ఎప్పుడూ కలవలేదు. పిల్ల చెవిలో కలిసిపోయాయి. నాన్నను ఇంట్లో ఉంచే తాడు తన పొట్ట మీదే ఉందనుకుని, మూడు వారాలుగా ఆ ఐదేళ్ళది వాపునూ దురదనూ ఓర్చుకుంటూ, ముగ్గురు పెద్దవాళ్ళ బలాన్ని ఒంటరిగా ఎదుర్కొంటోంది. బ్రోన్విన్ బుధవారం నాడు ఆ పిల్లను బల్లకేసి అదిమిన తన చేతిని చూసుకుంది. 

తరువాత లేచి నిలబడి బండి లోపలికి సరిగ్గా చూసింది. ఇంతసేపూ పిల్లనే చూసింది గాని మిగతాది చూడలేదు. మార్నీ కప్పుకున్న దుప్పటి గదిలోది, మంచం మీదిది. సీటు కింద గాలాల సంచీ. చలికాలం కోటు. బూట్లు మూడు జతలు. ముందు సీట్లో ల్యోనీ రేకు డబ్బా, మూత మీద గులాబీలున్నది. ఎండు పళ్ళ కేకు పెట్టే డబ్బా అది. క్రిస్మస్‌కీ, దూరాభారం పోయేవాళ్ళకీ తప్ప ల్యోనీ ఆ డబ్బాను బీరువా మీంచి దింపదు.

విమానం ఎక్కేవాడికి గాలాలు ఎందుకు?

*

గ్లెన్ షెడ్డులో ఏమీ చేయడం లేదు. తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికి?" అంది బ్రోన్విన్.

అతను తల ఎత్తాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడని మొహమే చెబుతోంది. దొరకలేదు.

"క్వీన్స్‌లాండ్. బొగ్గు గని. ఐదు రోజుల దారి, బండిలోనే పోదామని."

"కంపెనీ వాళ్ళు పంపారా, నువ్వు అడిగావా?"

"అడిగాను."

"ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు." అని నవ్వబోయాడు. "ఉంటే నీకు సులువుగా ఉండేది. తిట్టుకోడానికి ఒక పేరు దొరికేది."

అది నిజమే. బ్రోన్విన్‌కి ఆ నిజం ఇంకా మండింది. ఇంకో ఆడది ఉంటే అదొక కథ. ఎవరూ లేకుండా, ఏదీ లేకుండా, ఊరికే వెళ్ళిపోయేవాణ్ణి ఏమనాలి?

"క్యాంపులో నాకు ఒక గది ఉంటుంది బ్రోన్," అన్నాడతను, నేల వంక చూస్తూ. "మంచం, ఫ్యాను. ఏదీ కూత పెట్టదు. అక్కడ నిద్ర పడుతుంది నాకు. ఇక్కడికి వస్తే దాని నడుము మీద ఆ డబ్బా ఎప్పుడు మోగుతుందా అని చెవులు నిక్కబొడుచుకుని పడుకుంటాను. పొద్దున లేచి పిల్ల మొహం చూడను, అంకె చూస్తాను. నాకు భయం. దానికి షుగరు వచ్చిన ఈ మూడేళ్ళుగా భయమే. ఇంక నావల్ల కాదు."

"నాకు భయం లేదా?"

"నీకు చేతనవును. నువ్వు అన్నీ నేర్చుకున్నావు. ఒక్కసారి, పంపు కొత్తలో, నేను మీట నొక్కబోతే నా చెయ్యి పక్కకి నెట్టావు. వంకరగా పోతుంది, నువ్వు లే అన్నావు. లేచాను. అప్పుడు లేచినవాణ్ణి మళ్ళీ కూర్చోలేదు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అవును, నెట్టింది. అతని చెయ్యి వణికింది, పిల్ల చూస్తోంది, తొందరలో నెట్టింది. చెప్పుకోవడానికి తన దగ్గర వంద కారణాలున్నాయి. కానీ నెట్టింది.

"నెట్టాను," అంది. "ఆ ఒక్కరోజు నెట్టాను. ఆ మర్నాడు నువ్వు అడగలేదు. ఆ తరువాత ఎన్ని మూడు రోజులు వచ్చాయి గ్లెన్, ఒక్కసారైనా ఇవాళ నేను చేస్తా అన్నావా? సరే, నాతో నీకు కుదరలేదు. నాతో చెప్పకుండా పిల్లతో ఎందుకు చెప్పావు?"

అతను పిల్లతో చెప్పింది, పోయినసారి వచ్చినప్పుడు మార్నీని తీసుకుని జెట్టీ మీద చేపలకి వెళ్ళిన రోజే అయి ఉండాలి. బ్రోన్విన్‌కి గుర్తుంది. ఇద్దరూ ఒక్క చేప కూడా లేకుండా తిరిగి వచ్చారు.

"దానికి చెబితే నీకు చెప్పేస్తుంది అనుకున్నాను," అన్నాడు గ్లెన్.

"ఏంటీ?"

"అమ్మకి చెప్పకు అని చెబితే ఏ పిల్లయినా ఇంటికి రాగానే చెప్పేస్తుంది కదా. నేను చెప్పక్కర్లేకుండా నీకు తెలిసిపోతుంది అనుకున్నాను. వెళ్ళిన తరువాత నువ్వు ఫోన్ చేసి తిడతావని రెండు వారాలు చూశాను. చెయ్యలేదు. తెలిసి ఊరుకున్నావేమో అనుకున్నాను."

తాను చెప్పలేని మాటను ఐదేళ్ళ పిల్ల నోట పెట్టి పంపాడు మహానుభావుడు. ఆ పిల్ల మాట నిలబెట్టుకుంటుందని అతనికి తోచనే లేదు. తోచదు. మాట నిలబెట్టుకునే వాళ్ళ సంగతి అతనికేం తెలుసు?

"మీ అమ్మకి తెలుసు," అంది.

"తెలుసు," అని వెనక నుంచి జవాబు వచ్చింది. ల్యోనీ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. "ఈస్టర్ నుంచి తెలుసు. చెప్పమని వాడితో రోజూ పోరుతూనే ఉన్నాను. వాడి నాన్నా ఇంతే. నోరు పెగలదు, కాళ్ళు మాత్రం కదులుతాయి."

"తెలిసి కూడా బుధవారం దాని కాళ్ళు పట్టుకున్నావు."

"నాకేం తెలుసు అది అందుకు ఏడుస్తోందని." ముసలామె గొంతులో మొదటిసారి పటుత్వం తగ్గింది. "సూదికి అనుకున్నాను. సూదికే కదా పిల్లలు ఏడుస్తారు."

బ్రోన్విన్ జేబులోంచి మీటరు తీసి, మార్నీ ఒంటి మీది సెన్సారు పంపే అంకె చూసింది. ఇరవై రెండు. ఇంకా దిగలేదు. పెన్ను మందు కొన్ని గంటలకే. సైట్ మారాలి, ఇప్పుడే మారాలి.

"ఇవాళ నువ్వు చేస్తావు," అంది భర్తతో. "నువ్వే చెయ్యాలి. అది ఏం అడుగుతుందో నీకు తెలుసు. ఏం చెబుతావో నీ ఇష్టం. అబద్ధం మాత్రం చెప్పకు. కావాలంటే ఏడవనీ, కొట్టనీ, అబద్ధం మాత్రం వద్దు. ఆ పిల్లతో నాకున్నది అదొక్కటే గ్లెన్. దాన్ని పాడు చెయ్యకు."

అతను తల ఊపాడు.

*

అద్దం సందు దగ్గర గ్లెన్ వంగి నిలబడ్డాడు. మార్నీ లోపలి నుంచి అతని మొహాన్ని పరీక్షగా చూసింది.

"నేను అమ్మకి చెప్పలేదు. అడిగాను అంతే," అంది ముందుగా.

"తెలుసు బంగారం. నువ్వేం తప్పు చెయ్యలేదు."

"నా సైట్ మారిస్తే నువ్వు వెళ్ళిపోతావా?"

బ్రోన్విన్ అతని భుజం వెనకే ఉంది. అతని మెడ మీద చెమట కనిపిస్తోంది. చెప్పు, అనుకుంది. వెళ్తాను, కానీ నీ సైట్ వల్ల కాదు, నీ వల్ల కాదు అని చెప్పు. రెండు ముక్కలు.

"లేదు," అన్నాడు గ్లెన్. "ఎక్కడికీ వెళ్ళను."

"నిజంగా?"

"నిజంగా."

టక్కుమని తాళం తెరుచుకుంది.

నోరు తెరవవలసింది అప్పుడే. బ్రోన్విన్ తెరవలేదు. మార్నీ కళ్ళ కింద నీలం తిరిగి ఉంది, ఊపిరి తీపి వాసన వేస్తోంది. ముందు సైట్, తరువాత నిజం, అని తనకు తాను చెప్పుకుంది. అబద్ధం ఎలా పుడుతుందో ఆ క్షణంలో ఆమెకి బాగా తెలిసింది. అవసరంగానే పుడుతుంది.

మార్నీ కాళ్ళు బయటికి వేలాడేసి సీటు అంచున కూర్చుంది. తాళంచెవి గుప్పిట్లోనే ఉంది. మొహం తేటగా ఉంది, ఇరవై రోజుల తరువాత.

"నువ్వే చెయ్యి నాన్నా. నేను నేర్పిస్తా. ముందు నూనె గుడ్డతో పాతది తడపాలి. లాగకూడదు. నెమ్మదిగా. ఆఁ, అలా. ఇప్పుడు కుడా ఎడమా అని నన్ను అడగాలి."

"కుడా, ఎడమా?"

"కుడి. క్రీము వెయ్యలేదు కాబట్టి నొప్పి ఉంటుంది. నువ్వు భయపడకు."

ఇల్లంత లారీలను గనిలో నడిపే చేతులవి. ఆ చిన్న డబ్బాను ఎటు పట్టుకోవాలో వెతుక్కుంటున్నాయి. పాత సైట్ ఊడి వచ్చిన చోట రూపాయి బిళ్ళంత ఎర్రటి గడ్డ ఉంది. దాన్ని చూసి అతను కళ్ళు మూసుకున్నాడు. మార్నీ అతని వేలు తీసి తన వేలి మీద పెట్టుకుంది.

"ఐదు, నాలుగు, మూడు," ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. టప్పుమంది. మార్నీ చిన్నగా మూలిగి, నవ్వింది. వంకరగా ఏమీ పోలేదు. చక్కగా, బ్రోన్విన్ పెట్టినంత చక్కగా కూర్చుంది. ఇంతే పని. ఏడాది కిందటే చేసి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. ఆ చెయ్యిని నెట్టినదానికీ, నెట్టించుకుని లేచి వెళ్ళినవాడికీ ఇద్దరికీ ఆ సంగతి ఒకేసారి తెలిసింది. ఒకరినొకరు చూసుకోలేదు.

"మళ్ళీ బుధవారం," అంది మార్నీ. "బుధవారం కూడా నువ్వే, నాన్నా. ఇంక ఎప్పుడూ నువ్వే. నేను అసలు ఏడవను."

గ్లెన్ నూనె గుడ్డను మడత పెట్టసాగాడు. ఊఁ అన్నాడేమో, వినిపించలేదు.

మార్నీ అతని మొహం చూసింది. షుగరు ఉన్న పిల్లలు పెద్దవాళ్ళ మొహాలు చదవడంలో ఆరితేరిపోతారు, అంకె ఎంతో ముందు మొహంలోనే కనిపిస్తుంది కాబట్టి. తండ్రిని వదిలేసి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నాన్న చెప్పింది నిజమే కదా?"

గ్లెన్ తల ఎత్తి భార్యను చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. వరండా మెట్ల మీద ల్యోనీ కూడా చూస్తోంది. అవును అంటే ఇవాళ గడిచిపోతుంది. షుగరు దిగుతుంది, పిల్ల తింటుంది, నిద్రపోతుంది. పొద్దున లేచి ఖాళీ అయిన చెట్టు నీడ చూస్తుంది. ఆ తరువాత బుధవారం వస్తుంది. శనివారం వస్తుంది. మూడు రోజులకోసారి, దాని జీవితమంతా వస్తుంది. ఆ ప్రతిసారీ దాని ఎదురుగా సూది పట్టుకుని కూర్చోవలసింది తను.

"కాదు, మార్నీ," అంది బ్రోన్విన్. "నిజం కాదు. నాన్న వెళ్తున్నాడు. నీ సైట్ మార్చినందుకు కాదు. ముందే అనుకున్నాడు. నేను అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. నాదీ తప్పే."

పిల్ల ఏడవలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరు ఎవరో పోల్చుకుంటున్నట్టు చూసింది. తరువాత తల వంచి, చొక్కా పైకెత్తి, ఇంకా జిగురు కూడా ఆరని కొత్త ప్లాస్టరును అంచున పట్టుకుంది. బ్రోన్విన్ చెయ్యి చాచేలోపే ఒక్క గుంజు గుంజింది.

ప్లాస్టరూ నాళమూ గొట్టమూ అన్నీ ఒకేసారి ఊడి వచ్చాయి. కుడి పొట్ట మీద ఒక రక్తపు బొట్టు నిలిచి, కిందికి జారింది. మార్నీ ఆ ఊడినదాన్ని తండ్రి అరచేతిలో పెట్టి, అతని వేళ్ళు ఒక్కొక్కటిగా మూసింది.

"ఇప్పుడు సైట్ మారలేదు," అంది. "ఇంక నువ్వు వెళ్ళడానికి లేదు."

గ్లెన్ మూసిన గుప్పిట వంక చూసుకున్నాడు. వీధి వంక చూశాడు. చేతిలోనిది బండి బానెట్ మీద పెట్టి, ఖాళీ అయిన చెయ్యి పిల్ల ముందు చాచాడు.

"తాళంచెవి ఇటివ్వు, మార్నీ," అన్నాడు.